అక్క పిలిస్తే దడ

లాండ్రీ వెనక గదిలో ఇస్త్రీ బల్ల దగ్గర తమ్ముడు, ముందు గదిలో కౌంటరు దగ్గర అక్క. మధ్యలో తలుపు లేదు. హ్యాంగర్లకు వేలాడే చొక్కాలే తెర. ఆ చొక్కాల మీదుగా రోజంతా అక్క గొంతు వినిపించేది. "ఒరేయ్, నీలం కోటు ఏదిరా?" "ఒరేయ్, ఈయన కర్టెన్లు అయ్యాయా, నన్ను తినేస్తున్నాడు!" అక్క మొగుడు చిన్న వ్యాను మీద బట్టలు ఇళ్ళకు చేరవేసేవాడు. బట్టలతోపాటు ఒక వీధి కబుర్లు ఇంకో వీధికి కూడా.

రెండేళ్ళ క్రితం తమ్ముడికి ఒక జ్వరం వచ్చింది. తగ్గింది కానీ, పోతూ పోతూ ఒంట్లోని సత్తువంతా మూటగట్టుకు పోయింది. ఒక పూట గట్టిగా పనిచేస్తే ఆ మర్నాడో, మూడోనాడో మంచం పట్టాల్సిందే. నిద్రపోయి లేచినా, లేవకముందే అలిసిపోయి ఉండేవాడు. ఆస్పత్రివాళ్ళు దానికి దీర్ఘకాలిక అలసట అని పేరు పెట్టారు. ఆ పేరు వినగానే బావ, "ఇదేం జబ్బయ్యా, నాకు పెళ్ళయిన దగ్గర్నుంచీ ఉంది" అన్నాడు. అప్పట్లో అందరూ నవ్వారు, తమ్ముడితో సహా.

తరవాత దడ మొదలైంది. ఉన్నట్టుండి గుండె గొంతులోకి వచ్చి కొట్టుకునేది. కళ్ళ అంచులు మసకబారేవి. గుండె డాక్టరు అతన్ని బల్ల మీద పడుకోబెట్టి, ఛాతీకి తీగలు తగిలించి చూశాడు. చల్లటి జిగురు పూసి తెర మీద గుండెను చూశాడు. చూసి, "భేషుగ్గా ఉంది. మీకున్నది భయం. దేనికి భయపడుతున్నారో నిదానంగా ఆలోచించుకోండి" అన్నాడు.

ఇంకొకడైతే కోపం తెచ్చుకునేవాడు. తమ్ముడు ఆ మాటను ఇంటిపనిలా నెత్తికెత్తుకున్నాడు. లాండ్రీకి ఆనుకుని ఉన్న తన చిన్న గదిలో మంచం మీద వెల్లకిలా పడుకుని, తనలోని భయాలను ఒక్కొక్కటే బయటికి తీసి చూడటం మొదలుపెట్టాడు. చావును గురించి ఆలోచించాడు. చాలాసేపే ఆలోచించాడు, గుండె చెక్కుచెదరలేదు. పెళ్ళీ పెటాకులూ లేకుండా ముసలివాణ్ణైపోవడం గురించి ఆలోచించాడు. కాస్త దిగులు వేసింది తప్ప దడ రాలేదు. తనలో ఇంత ధైర్యవంతుడున్నాడని అతనికి అంతవరకూ తెలియదు.

ఒక సాయంత్రం కుర్చీలో కళ్ళు మూసుకుని ఉండగా అక్క పిలిచింది. "ఒరేయ్!" అంతే. అతను లేచాడు. గుండె కట్టు తెంచుకున్నట్టు పరుగెత్తింది. ఇస్త్రీ బల్ల పట్టుకుని నిలబడి, చొక్కాల అవతల కదులుతున్న అక్క నీడను చూశాడు. దొరికింది అనుకున్నాడు.

ఆ రోజు నుంచి కనిపెట్టి చూశాడు. అక్క పిలవడం, దడ రావడం. పిలవడం, రావడం. ఒక్కసారి కూడా తప్పలేదు. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? దాని వెనకే పాత సంగతులన్నీ పిలవకుండానే వచ్చి కూర్చున్నాయి. తను ఇస్త్రీ చేసిన చొక్కాను అక్క మాట్లాడకుండా విప్పి మళ్ళీ చెయ్యడం. తనను ఎవరైనా ఏదైనా అడిగితే అక్కే జవాబు చెప్పడం. చిన్నప్పుడు అతని చెప్పులు ఏ కాలివి ఏ కాలికో చెప్పిన గొంతే ఇప్పటికీ అతని రోజును నడుపుతోంది. ఇన్నాళ్ళూ ప్రేమ అనుకున్నదాని అడుగున ఇది ఉందన్నమాట. ఆ ఆలోచనలో నొప్పి ఉంది. నొప్పితోపాటు, ఒప్పుకోవడానికి సిగ్గుపడ్డాడు గాని, కాస్త తృప్తి కూడా ఉంది. ఒంటి మీద కోపం తెచ్చుకుని ఏం లాభం? మనిషి మీదైతే తెచ్చుకోవచ్చు.

ఒక మధ్యాహ్నం షట్టరు సగం దించి ముగ్గురూ భోజనాలు ముగించాక చెప్పేశాడు.

"అక్కా, ఒక మాట. కోప్పడకూడదు."

"కోప్పడాల్సిందైతే కోప్పడతాను. చెప్పు."

"నువ్వు పిలిచినప్పుడల్లా నాకు దడ వస్తోంది. నువ్వంటే నాకు భయం అనుకుంటా. ఎప్పట్నుంచో."

అక్క దిండు గలీబు మడత పెడుతోంది. మడత పూర్తి చేసింది. అంచులు కలిశాయో లేదో చూసుకుంది.

"నాకూ అంతేనయ్యా" అన్నాడు బావ. "కాకపోతే నా గుండె అలవాటు పడిపోయింది."

ఈసారి ఎవరూ నవ్వలేదు.

మర్నాటి నుంచి అక్క గొంతు వినబడలేదు. ఏదన్నా కావాలంటే చొక్కాలు తప్పించుకుని తనే లోపలికి వచ్చేది. బట్టలు అతని చేతికందేలా పెట్టి, చేసినవి తీసుకుని వెళ్ళిపోయేది. అతను కుర్చీలో ఉంటే, ఉండనిచ్చి తనే ఇస్త్రీ పెట్టె అందుకునేది. ఆ ఆవిరి పొగలో ఆమె మొహం అతనికి సరిగ్గా కనబడేది కాదు. కొన్ని వారాలకు దడ బాగా తగ్గింది. అక్క మాట తగ్గింది, దడా తగ్గింది. ఆ లెక్క ఇద్దరూ విడివిడిగా వేసుకున్నారు. ఇద్దరికీ ఒకటే జవాబు వచ్చింది.

ఒకరోజు వ్యానులో బావ ఆ సంగతి బయటపెట్టాడు. అలసటకు చూసే కొత్త డాక్టరమ్మ దగ్గరికి వెళ్తున్నారప్పుడు. వెనక సూట్లు ఊగుతున్నాయి.

"మీ అక్క ఊరవతల హోటల్లో బట్టల విభాగానికి మాట ఇచ్చేసింది. సోమవారం చేరుతోంది. కౌంటరుకు ఎవరినో చూస్తుందట."

"ఎందుకు?"

"ఎందుకేమిటయ్యా! నువ్వు బతికి బట్టకట్టాలని."

తమ్ముడు కిటికీలోంచి బయటికి చూశాడు. వెళ్ళొద్దని చెప్పాలనిపించింది. కానీ ఆ అనిపించడం కూడా భయంలో భాగమేనేమో, పంజరానికి అలవాటు పడటమేనేమో అన్న అనుమానం వచ్చింది. ఈమధ్య తన మనసులోంచి వచ్చే ఏ మాటనూ అతను సోదా చెయ్యకుండా వదలడం లేదు.

డాక్టరమ్మ వయసు మళ్ళిన మనిషి. చెప్పిందంతా విని, "దడ ఎప్పుడొస్తుంది?" అని అడిగింది.

"మా అక్క పిలిస్తే."

ఆవిడ నవ్వలేదు. "పిలిస్తే మీరేం చేస్తారు?"

"వెళ్తాను."

"ఎలా వెళ్తారు?"

ఇదేం ప్రశ్న అనుకున్నాడు. "ఎలా ఏముంది, లేచి."

నోట్లోంచి వచ్చిన ఆ చిన్న మాటను తనే ఇంకోసారి విన్నాడు.

ఆవిడ అతన్ని కాసేపు కదలకుండా పడుకోమంది. వేలికి చిన్న క్లిప్పు తగిలించింది. తరవాత లేచి, భుజాలు గోడకు ఆనించి, మాట్లాడకుండా నిలబడమంది. గదిలో అక్క లేదు. ఎవరూ పిలవలేదు. కారిడారులో ఒకామె తడిగుడ్డ పెడుతోంది, బకెట్టు కిర్రుమంటోంది. గుండె మొదలుపెట్టింది. అలవాటు కొద్దీ అతను భయం కోసం లోపలంతా వెతికాడు. మూలమూలలా వెతికాడు. ఏమీ లేదు. ఖాళీ ఇంట్లో ఎవరో తలుపులు బాదుతున్నట్టు గుండె మాత్రం కొట్టుకుంటూనే ఉంది. కిందికి చూస్తే పాదాలు నేరేడుపండు రంగుకు తిరిగాయి.

"చాలు, పడుకోండి" అంది డాక్టరమ్మ. పడుకోగానే గుండె మెల్లగా దారికి వచ్చింది. "గుండె మంచిదే. ఆ డాక్టరు అబద్ధం చెప్పలేదు, మిమ్మల్ని నిలబెట్టి చూడలేదంతే. మీరు లేస్తే రక్తం కాళ్ళల్లో ఆగిపోతోంది. పైకి చాలినంత అందక గుండె పరుగెత్తి ఆ లోటు పూడ్చాలని చూస్తోంది. మీ జబ్బున్నవాళ్ళలో చాలామందికి ఇలా ఉంటుంది. బిగుతు మేజోళ్ళు తొడుక్కోవాలి. మీకు రక్తపోటు లేదు కాబట్టి నీళ్ళూ, ఉప్పూ కాస్త ఎక్కువ తీసుకోండి. ఆ ఆవిరి వేడిలో నిలబడటం అసలు మంచిది కాదు. కూర్చుని చేసుకోండి. దీంతో కొంత తేలికవుతుంది. అలసట పోతుందని మాత్రం మాట ఇవ్వలేను."

"ఉప్పు తినమన్న డాక్టర్ని ఈ జన్మలో ఇప్పుడే చూశాను" అన్నాడు బావ మెట్లు దిగుతూ. ఆ మాట ఊరంతా పంచుతాడని తమ్ముడికి తెలుసు.

తిరుగు దారిలో తేలిగ్గా ఉండాల్సింది. లేదు. ఒక మనిషిని అంతగా తవ్వి, అడుగున నేరం చూసి వచ్చినవాడు, తవ్విన చోటే తప్పని తెలిస్తే ఆ గుంటను ఏం చెయ్యాలి? పాత సంగతులేవీ అబద్ధాలు కావు. చొక్కా విప్పి మళ్ళీ చేసింది నిజమే. అవి దడకు కారణం కావు, అంతే.

ఆ ప్రయాణం, ఆ గోడ దగ్గర నిలబడటం ఊరికే పోలేదు. మర్నాడూ, ఆ మర్నాడూ తల ఎత్తలేకపోయాడు. వెలుతురు కూడా బరువుగా తగిలింది. ఆదివారం మధ్యాహ్నానికి గొంతు పెగిలింది. అక్క మంచినీళ్ళు పెట్టి వెళ్ళబోతుంటే, "అక్కా, కూర్చో" అన్నాడు.

ఆమె మంచానికి దూరంగా, గుమ్మం దగ్గర నేల మీద కూర్చుంది. అతని దడకు అక్క కొలిచి పెట్టుకున్న దూరం అది.

"నువ్వు కాదక్కా. లేవడం. నువ్వు పిలిస్తే లేస్తాను కదా. అదీ సంగతి."

"మీ బావ చెప్పాడు."

"మరి రేపు వెళ్ళకు."

అక్క కొంగుతో చేతులు తుడుచుకుంది. తరవాత ఒక్కసారిగా వచ్చింది, పాత గొంతు. "ఇన్నాళ్ళు నోరు కుట్టేసుకున్నాను కదరా! మా ఆయన నాకు గొంతు పోయిందని వీధంతా చెప్పాడు. కర్టెన్లాయన పరామర్శకు కూడా వచ్చాడు. లేవడమట, లేవడం!"

తమ్ముడికి నవ్వొచ్చింది. నవ్వడానికి ఓపిక లేక మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

"వెళ్ళనులే. హోటలు వాళ్ళకి రాత్రే ఫోన్ చేసి చెప్పేశాను" అంది అక్క. గొంతు తగ్గింది. "కానీ ఒకటి. నువ్వు ఆ మాట అన్నాక నేనూ వెతుక్కున్నాను. వీణ్ణి నేనేం చేశానా అని. పనిలో, పడుకున్నాక, అదే పని."

"ఏమీ లేదక్కా."

"ఉన్నాయి. నీకు దొరికినవేంటో నాకు తెలీదు. నాకు మాత్రం చాలా దొరికాయి. కొన్ని నీకు గుర్తు కూడా ఉండవు. ఇప్పుడు డాక్టరమ్మ కాదందని వాటిని ఎక్కడ పారెయ్యను?"

అతను మెల్లగా ఇటు తిరిగాడు. ఆమె గుమ్మం దగ్గర నుంచి మంచం పక్కకు జరిగింది. ఉతకడానికి వచ్చిన దుప్పట్ల మూట ఒకటి లాగి అతని కాళ్ళ కింద పెట్టి, ఎత్తు చాలిందా అని చూసింది. చాలలేదనుకుందేమో, ఇంకొకటి పెట్టింది.

"చెప్పు అక్కా" అన్నాడు అతను. "ఎక్కువసేపు వినలేను. ఇవాళ ఒక్కటి చెప్పు."

ఏది ముందు చెప్పాలా అని అక్క ఆలోచనలో పడింది.