నీలం మింగిన గాజు

తడిపిన గరుకు కాగితం మీద గాజుబిళ్ళను తిరువేంగడం గుండ్రంగా రుద్దుతూనే ఉన్నాడు. వేలికొసలు నాని, తెల్లగా ముడతలు పడ్డాయి. మధ్యమధ్య బిళ్ళను నీళ్ళలో ముంచి కిటికీ వైపు ఎత్తి చూస్తాడు. ఎక్కడైనా గీత కనిపిస్తే మళ్ళీ మొదలు. వేలూరులో ఒక కాలేజీ భౌతికశాస్త్ర ప్రయోగశాలలో ఆయన పని ఇదే. గుడియాత్తంలో మగ్గం వదిలి ఇక్కడ అటెండరుగా చేరిననాడు నల్లగా ఉన్న మీసం ఇప్పుడు పూర్తిగా నెరిసింది. ఇన్నేళ్ళలో ఈ బిళ్ళలు ఎందుకని ఎవరినీ అడగలేదు.

ఈ రోజు అడిగాడు. పరిశోధన విద్యార్థిని లక్ష్మీప్రియ బిళ్ళను, అది వెలుతురును ఎంత మింగుతుందో కొలిచే యంత్రంలో పెట్టగానే, తెరమీద నేలబారుగా నడుస్తున్న గీత ఒకచోట నిటారుగా లేచింది.

"ఏంది పాపా, అట్లా లేసింది?"

"ఆడినుంచి నీలం వెలుతురన్నా. ఈ గాజులో సెమీకండక్టర్ రేణువులుండాయి. నీలానికి బలం జాస్తి. ఆ బలమున్న వెలుతురునే అవి మింగేస్తాయి. ఎరుపుకు, పసుపుకు అంత బలం చాలదు, దాటుకొని వచ్చేస్తాయి. అందుకే బిళ్ళ పసుపుగా ఉండాది."

పక్కనున్న ఇంకో బిళ్ళను తిరువేంగడం కంటికి ఆనించుకున్నాడు. బల్ల మీది నీలం సీసామూత నల్లగా కనిపించింది. బిళ్ళ తీస్తే నీలం. పెడితే నలుపు. ఆయన చెయ్యి అలాగే ఆగిపోయింది.

పోయిన వారం ఆయన భార్య పొన్నమ్మ, లుంగీ అంచులో నీలం నూలుకు బదులు నల్లనూలు వేసి నేసింది. బట్ట వెనక్కి వచ్చింది. "కండ్లు యాడ పెట్టుకొని నేస్తాండావు?" అని వీధంతా వినేట్టు అరిచాడు. ఆమె మరునాటి నుంచి మగ్గం గుంటలోకి దిగలేదు.

"పాపా, వయసైనోళ్ళ కంటికి గూడా ఇట్లా పసుపు పడతాదా?"

"పడతాదన్నా, శుక్లం ముదిరితే. ఆపరేషన్ చేస్తే సరిపోతాది. ఎవురికి?"

"మా పొన్నమ్మకి," అన్నాడాయన. బిళ్ళను అడిగి తీసుకుని, సెలవు పెట్టి మధ్యాహ్నమే గుడియాత్తంలోని ఇంటికి బస్సెక్కాడు.

"ఏమయ్యా, ఇంత జల్దీగా వచ్చినావు? ఆయాసపడతాండావే?" అంది పొన్నమ్మ.

ఆయన బిళ్ళను ఆమె అరచేతిలో పెట్టాడు. "నువ్వు ఇట్లాంటి గాజులోంచి చూస్తాండావు పొన్నమ్మా. నీలం దీంట్లోనే నిలిచిపోతాది, నీదాకా రాదు. తప్పు నీది కాదు. నేనే నోరు జారినాను."

ఆమె బిళ్ళను అరచేతిలో అటూ ఇటూ తిప్పి చూసింది.

"రెండు నూలుకండెలూ ఒగటే మాదిరి ఉండినాయి," అంది మెల్లగా. "నాకు మతి పోతాండాదేమో అని భయపడినాను. ఎవురికీ చెప్పలేదు."

"రేపు వేలూరు పోయి చూపిచ్చుకుందాం."

ఆమె ఇచ్చిన మజ్జిగ తాగి, ఎదలో బరువుగా ఉంది, కొంచెం ఒరుగుతానని మగ్గం పక్కన చాప మీద పడుకున్నాడు. పొద్దు వాలాక లేపబోయింది. ఆయన చెయ్యి చల్లగా ఉంది.

కర్మలు అయ్యాక లక్ష్మీప్రియ వచ్చి, పొన్నమ్మను తీసుకెళ్ళి కంటి ఆపరేషన్ చేయించింది. పట్టీ విప్పాక ఇంటికి వచ్చి పొన్నమ్మ తలుపు తీసింది. మేకుకు ఆయన కాలేజీ చొక్కా వేలాడుతోంది. ఇన్నాళ్ళూ ఆమె దాన్ని నల్లదనుకునే ఉతుకుతూ వచ్చింది. దగ్గరికి వెళ్ళి చేత్తో పట్టుకుంది. భుజాల మీద ఎండకు వెలిసిపోయింది కానీ, జేబు లోపల మాత్రం చొక్కా ఇంకా కొత్త బట్టంత నీలంగా ఉంది.