అడ్జస్ట్‌మెంట్ పీరియడు

చావింట్లో పొయ్యి వెలిగించకూడదు కాబట్టి, అమ్మ పోయిన రోజు మా ఇంటి సంగతి బయటపడలేదు. ఎదురింటివాళ్లు కాఫీ తెచ్చారు. బంధువులు అన్నం క్యారియర్లు తెచ్చారు. పెద్దదినం దాకా అట్లాగే గడిచింది. నేను వరండాలో కుర్చీ వేసుకుని, పలకరించడానికి వచ్చినవాళ్లకు అమ్మ చివరి మాట చెబుతూ కూర్చున్నాను. ఆమె చివరగా అన్న మాట "గ్యాసు కట్టేసినానా?" అని. దాన్ని నేను కొంచెం సవరించి చెప్పాను. తెలుగు ఉపాధ్యాయుణ్ణి కదా, దిద్దకుండా ఉండలేను.

మేము కడపలో ఉంటాం. నా భార్య పవిత్ర ఎర్రగుంట్ల దగ్గర ఒక సిమెంటు కంపెనీలో డిస్పాచ్ మేనేజరు. ఆమె సంతకం లేకుండా ఒక్క లారీ గేటు దాటదు. మహిళా దినోత్సవం వస్తే చుట్టుపక్కల బడులవాళ్లు మాట్లాడమని పిలుస్తారు. పిలిచేది నన్ను. ఆమెకు తీరిక ఉండదు. భార్యను పైకి రానిచ్చిన భర్తగా శాలువా కప్పించుకుని ఇంటికి వచ్చి, అమ్మ కెలికిన సంగటి తిని పడుకునేవాణ్ణి. ఆ శాలువా మడిచి బీరువాలో పెట్టేది కూడా అమ్మే.

అమ్మ పోవడానికి ముందు వారమే కంపెనీ పవిత్రకు కర్నూలు ఇచ్చింది. అక్కడి ఆఫీసుకూ, నాలుగు జిల్లాల అమ్మకాలకూ ఆమే హెడ్డు. ఆ కుర్చీలో ఇంతవరకూ ఆడమనిషి కూర్చోలేదట. వారమంతా అక్కడే ఉండాలి, శనివారం సాయంత్రం బయలుదేరి రావాలి. ఒప్పుకునేదీ లేనిదీ నెలాఖరులోగా చెప్పాలి. అమ్మ ఉన్నప్పుడు అదొక ప్రశ్నే కాదు. "నువ్వు పోమ్మా, పిల్లను నేను చూసుకుంటా" అనేసింది.

పెద్దదినం నాడు భోజనాల దగ్గర మా పెద్దమ్మ మద్దమ్మ ఆ మాట ఎత్తింది.

"ఇంక కర్నూలు సంగతి మర్చిపో పవిత్రా. ఎనిమిదేండ్ల పిల్లకు జడెవరేస్తారు?"

నాకు నా ఉపన్యాసాలు గుర్తొచ్చాయి.

"నేనుండా గదా పెద్దమ్మా," అన్నాను.

"నువ్వా? మీ ఇంట్లో ఉప్పు యాడుండాదో చెప్పప్పా, సాలు."

పంక్తి అంతా నవ్వింది. అమ్మ పోయాక ఆ ఇంట్లో నవ్వు వినపడడం అదే మొదలు. అమ్మ ఉండుంటే అందరికన్నా ఎక్కువ నవ్వేది.

మర్నాటి నుంచి ఇంటిని నా చేతిలోకి తీసుకున్నాను. బడిలో కొత్త సంవత్సరం మొదట ఏం చేస్తామో అదే చేశాను. టైంటేబుల్ వేశాను. స్కెచ్ పెన్నులతో గళ్లు గీసి వంటింటి గోడకు అంటించాను. మా అమ్మాయి శివాని చదివి, "నాన్నా, బోకులు తోమేదానికి పీరియడే లేదే" అంది. ఆటల పీరియడు కొట్టేసి అక్కడ రాశాను.

సంగటి మొదటిరోజు జావ అయింది, రెండోరోజు ఇటుక అయింది. పవిత్ర రెండూ మాట్లాడకుండా తినింది. ఆమె మాట్లాడకపోతే లారీ డ్రైవర్లు భయపడతారని విన్నాను. నాకు మాత్రం అది మెప్పులాగా తోచింది.

ఏ అనుమానం వచ్చినా ఆమెకు ఫోన్ చేశాను. పిల్ల బడి బెల్టు ఎక్కడ, పాల అతనికి ఏం చెప్పాలి, పప్పు ఎంత నానబెట్టాలి. ఒకరోజు హైదరాబాదు నుంచి కంపెనీ పెద్దలు వస్తున్నారని, కర్నూలు విషయమే మాట్లాడతారని ఆమె పొద్దున చెప్పి వెళ్లింది. ఒంటిపూట బడులు. మధ్యాహ్నం ఇంటికొచ్చి పప్పు పొయ్యి మీద పెట్టి ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్లీ చేశాను. చివరికి ఆమె దగ్గర పనిచేసే ఏసురాజు ఎత్తాడు.

"సార్, మేడం మీటింగులో ఉండారు. ఏమన్నా అర్జెంటా?"

"అర్జెంటేం కాదప్పా. చింతపండు యాడుండాదో కనుక్కుందామని."

అటువైపు తలుపు తెరిచిన చప్పుడు, గుసగుస, మళ్లీ తలుపు చప్పుడు.

"పై అరలో జాడీలో ఉండాదంట సార్. పాతది ముందు వాడమన్నారు."

"మంచిదప్పా. మీటింగు ఎట్ల జరుగుతాంది?"

"ఇంతసేపూ బాగనే జరుగుతాండె సార్," అన్నాడు ఏసురాజు.

ఆ సాయంత్రం పవిత్ర లోపలికి రాకుండా వరండా మెట్టు మీదే కూర్చుంది.

"కర్నూలు వద్దని చెప్పేస్తా," అంది.

"ఎందుకు? నేను చేస్తాండా గదా. ఏ పూటన్నా అన్నం లేకుండా పోయిందా?"

"పోలేదు. మీ బడిలో ఒక అయ్యవారు రాకపోతే ఏం చేస్తారు?"

"ఖాళీగా ఉండేవాళ్లను ఆ క్లాసుకు పంపిస్తారు. అడ్జస్ట్‌మెంట్ పీరియడు."

"నువ్వు పోతే ఏం పాఠం చెప్తావు?"

"పాఠమెందుకు? అది నా క్లాసు కాదు గదా. గంట కొట్టేదాకా పిల్లోళ్లు గొడవ చేయకుండా చూస్తా."

అన్నాక గానీ నా జవాబు నాకు వినపడలేదు.

"అత్త ఒక్కరోజన్నా నాకు ఫోన్ చేసి అడగలేదు," అంది పవిత్ర. "నువ్వు చేతులు నీవే వాడుతాండావు, తలకాయ మాత్రం నాది వాడుతాండావు. ఆ తలకాయ నాకు కర్నూల్లో కావాల అయ్యవారూ."

వేదికల మీద చెప్పిన మాటలు ఒక్కటీ గుర్తు రాలేదు. వచ్చినా పనికొచ్చేవి కావు.

"నెలాఖరు దాకా ఆగు. ఫోన్ చేయను," అన్నాను.

చేయలేదు. బెల్టు దొరకకపోతే శివాని నాడా కట్టుకుని బడికి పోయింది. గ్యాసు అయిపోతే ఎదురింటి సిలిండరు అడిగి తెచ్చాను. నెల చివరి వారంలో పిల్లకు జ్వరం వచ్చింది. ఆటోలో డాక్టరు దగ్గరికి తీసుకుపోయి, మందు వేసి, పక్కన కూర్చున్నాను. ఫోను చేతిలోకి తీసుకున్నాను, పక్కన పెట్టాను, మళ్లీ తీసుకున్నాను. డాక్టరు నాకు కూడా ఏదైనా రాసిచ్చి ఉంటే బాగుండేది. సాయంత్రం పవిత్ర వచ్చాక చెప్పాను.

"నాకెందుకు చెప్పలేదు?" అని కోప్పడింది.

"చూపించినా. తగ్గింది."

పిల్ల నుదురు తాకి చూసింది. తర్వాత నన్ను కూడా కొత్తగా చేరిన ఉద్యోగిని చూసినట్టు చూసింది. మర్నాడు కర్నూలుకు ఒప్పుకుంటున్నట్టు కంపెనీకి రాసింది.

బస్సు ఎక్కేముందు అంది: "అత్త గది నేను ముట్టుకోలేదు. అది నువ్వు సర్దాల. నిదానంగానే చెయ్యి."

ఆమె వెళ్లి రెండు నెలలు దాటింది. అక్కడ అందరూ ఆమె మాట వింటున్నారట. ఇక్కడ జడ వంకరగా వస్తోంది, సంగటి ఫరవాలేదు. అమ్మ చీరలు దండెం మీదే ఉన్నాయి. ఆమె గది నేనింకా సర్దలేదు.