తోకతో కలిపి

నా బావమరిదికి నాలుగెకరాల పొలం ఉంది. దాన్ని బీడు పెట్టినందుకు ప్రభుత్వం వాడికి డబ్బిస్తుంది. నేలకు విశ్రాంతి కావాలట. నేల సంగతేమో గాని, వాడు మాత్రం పుట్టిన దగ్గర్నుంచీ విశ్రాంతిలోనే ఉన్నాడు. ఇన్నాళ్లూ ఉచితంగా చేసిన పనికి ఇప్పుడు జీతం వస్తోంది. అంతే తేడా.

నాకు పడవ ఉంది. పడవకు కోటా ఉంది. ఏడాదికి ఇంత చేప పట్టుకోవచ్చని ప్రభుత్వం ఇచ్చిన హక్కు అది. ఏడాది మొత్తంలో ఒక్క చేపైనా తెచ్చి రేవులోని తూకం షెడ్డులో పెట్టకపోతే ఆ హక్కు రద్దవుతుంది. రద్దయిందంటే మళ్లీ రాదు. కొత్త కోటాలు ఇవ్వడం ఎప్పుడో మానేశారు. అంటే వాడు పని చేస్తే డబ్బు పోతుంది, నేను పని చెయ్యకపోతే హక్కు పోతుంది. ఈ రెండు చట్టాలూ ఒకే భవనంలో రాశారని విన్నాను. ఒకటి భోజనానికి ముందు, రెండోది తర్వాత రాసి ఉంటారు.

ఆ ఏడాది నేను పడవ విప్పలేదు. నా భార్య పోయింది. మా పడవలో చుక్కాని ఆవిడది, వల నాది, తాళ్లకు రోజుకో కూలీ. ఆ చుక్కాని దగ్గర ఇంకొకరు కూర్చుంటే చూసే ఓపిక నాకు లేదు. కోటా పోతే పోనీ అనుకున్నాను.

మా అమ్మాయి అలా అనుకోలేదు. అది రేవులో పడవల ఇంజన్లు బాగుచేస్తుంది. ఊళ్లో ఏ పడవ దగ్గినా దానికే కబురు. అందరి పడవలూ నడిపించి, తను ఒడ్డున నిలబడి చూస్తుంది. కోటా బతికుంటేనే దాన్ని కూతురి పేరు మీదికి మార్చడానికి వీలవుతుంది. చచ్చిన కోటాను మార్చరు.

కోటా ఏడాది ఆఖరి రోజు పొద్దున్నే, గ్రీజు చేతులతో వంటింట్లోకి వచ్చి నిలబడింది.

"లే నాన్నా. పడవ సిద్ధం చేశాను."

"నేను రాను."

"నిన్ను చేపలు పట్టమన్నానా? హక్కుదారు పడవలో ఉండాలి. అంతవరకే రూలు. నవ్వుతూ ఉండాలని రాయలేదు."

"నాకు నీళ్లంటే విసుగొచ్చింది."

"ఇంట్లో కూర్చుని గోడతో పోట్లాడుతున్నావుగా, అక్కడ కూర్చుని నీళ్లతో పోట్లాడు. ఆ గోడ కూడా పెచ్చులూడిపోతోంది, పాపం."

నేను గోడకేసి చూశాను. నిజంగానే ఊడుతోంది.

"ఇద్దరే ఉంటే రేవువాళ్లు పడవ వదలరు," అన్నాను. "ముగ్గురుండాలి."

"మూడో మనిషిని పిలిచాను."

"ఎవర్ని?"

అది చేతులు కడుక్కోవడం మొదలుపెట్టింది. గ్రీజు చేతులు నీళ్లతో కడిగితే పోవని దానికి తెలుసు. అయినా కడుగుతూనే ఉంది.

"నాన్నా, కోటా పూర్తయినవాళ్లు ఆ ఏడాదిలో ఇంకొకరి పడవ ఎక్కకూడదు కదా. రేవు నిండా మనుషులున్నారు, ఎక్కడానికి ఒక్కడికీ వీల్లేదు. కోటా లేనివాడూ, పనీ లేనివాడూ ఊరు మొత్తానికి ఒక్కడే ఉన్నాడు."

గుమ్మంలోంచి గొంతు వినిపించింది. "బావా! బయల్దేరదామా?"

ఆ గొంతుతో నేను మాట్లాడి ఏడాది కావస్తోంది. మా ఆవిడ పోయిన రోజున ఇంటి ముందు జనం నిలబడి ఉన్నారు. సొంత అక్కను ఇంకా ఇంట్లోంచి తీసుకెళ్లనే లేదు. వీడు అక్కడ నిలబడి, వచ్చిన ప్రతివాడికీ బీడు పథకంలో చేరడం ఎలాగో చెప్పాడు. ఇద్దరు చేరారు కూడా. దాన్ని నేను క్షమించలేదు. క్షమించే ఆలోచన కూడా లేదు.

"వాడొస్తే నేను రాను," అన్నాను.

"అయితే రేపట్నుంచి ఇంకో ముప్ఫై ఏళ్లు నేను వేరేవాళ్ల ఇంజన్ల కింద పడుకుంటాను," అంది అమ్మాయి. గొంతు పెంచలేదు. అచ్చం వాళ్లమ్మే. పెంచితే నేను గెలిచేవాణ్ణి.

చెప్పులు వేసుకున్నాను.

పడవలో బోర్లించిన పెట్టె ఒకటి ఉంటే దాని మీద కూర్చున్నాను, ఒడ్డు వైపు తిరిగి. అమ్మాయి చుక్కాని పట్టుకుంది. నేను అటు చూడలేదు. బావమరిది లైఫ్ జాకెట్ తిరగేసి వేసుకుని మధ్యలో నిలబడ్డాడు. కెరటం తగలగానే పక్కకు వంగి పొద్దున తిన్నదంతా నీళ్లకు ఇచ్చేశాడు. వాంతికీ వాంతికీ మధ్య పంటల బీమా గురించి వివరించాడు. వాడి నోరు రెండు పనులు ఒకేసారి చెయ్యగలదని అప్పుడే తెలిసింది.

"అమ్మడూ, మీ నాన్న ఏమైనా తిన్నాడా?"

"నాన్నా, మామయ్య అడుగుతున్నాడు."

"తిన్నానని చెప్పు. కక్కలేదని కూడా చెప్పు."

"మామయ్యా, నాన్న—"

"వినపడిందమ్మా. అడుగు దూరంలోనే ఉన్నాను."

"అడుగు దూరం సరిపోదని చెప్పు," అన్నాను.

మొదటిసారి వల వేశారు. మోటారుతో లాగితే నాచు వచ్చింది. నాచులో పీతలు. పీతలు మా కోటాలో లేవు, అన్నీ వెనక్కి పోయాయి. ఒకటి మాత్రం పోనంది. బావమరిది వేలు పట్టుకుని వేలాడింది. వాడు పెట్టిన కేకకు పక్షులు లేచాయి. నేను ఒడ్డు వైపే చూస్తున్నాను. నవ్వు రాకూడదని పళ్లు బిగించాను.

చేపలు ఎక్కడున్నాయో నాకు తెలుసు. నీళ్ల కింద రాతిగట్టు ఒకటుంది, దాని అవతల. నన్ను ఎవరూ అడగలేదు. నేను చెప్పలేదు.

రెండోసారి వల పైకొచ్చింది. మళ్లీ నాచే. కాని ఆ నాచు మధ్యలో ఒకటి తళుక్కుమంది. మా కోటా చేప. ఒకటే. ఒకటి చాలు. దాన్ని తీసుకెళ్లి కాటా మీద పెడితే కోటా బతుకుతుంది, అమ్మాయి బతుకు ఒడ్డు వదులుతుంది. అమ్మాయి చుక్కాని దగ్గరే నిలబడి కేకేసింది. "మామయ్యా! కొలవండి! కొలిచి మంచులో పెట్టండి!"

కొలతపలక మీద గీత ఉంటుంది. చేప ఆ గీత దాటాలి. దాటకపోతే పిల్లచేప కింద లెక్క, వెనక్కి వదిలెయ్యాలి. బావమరిది చేపను పలక మీద పడుకోబెట్టాడు. కన్ను చికిలించి చూశాడు. తల ఊపాడు. ప్రభుత్వానికి తన వంతు సాయం చేస్తున్న మనిషి మొహం పెట్టి, దాన్ని తీసి నీళ్లలోకి విసిరేశాడు.

అమ్మాయి చేప పడ్డ చోటుకేసి చూసింది.

"రెండు వేళ్లు తక్కువైంది అమ్మడూ," అన్నాడు వాడు. "రూలు రూలే కదా."

"తక్కువా?" అంది అమ్మాయి. "మోచెయ్యంత ఉంది కదా మామయ్యా! ఎక్కణ్ణుంచి కొలిచారు?"

"ముక్కు దగ్గర్నుంచి తోక మొదలు దాకా."

"తోక?"

"తోక కలపరు కదా. ముల్లంగి అమ్మేటప్పుడు ఆకులతో కొలుస్తామా ఏమిటి?"

నేను పెట్టె మీంచి లేచాను. ఎలా లేచానో తెలియదు. ఏడాదిగా దాచుకున్న మాటలు ఒక్కసారిగా బయటికొచ్చాయి.

"ఒరేయ్ బీడు వెధవా! చేపకి తోకే కదరా కాళ్లూ చేతులూ! దాన్ని ఆకంటావా? నువ్వు దున్నకపోతే దేశం బాగుపడుతుందని ఆ ప్రభుత్వం ఊరికే అనుకోలేదురా, నిన్ను చూసే అనుకుంది! మీ అక్క బతికుంటే నీ ముక్కు దగ్గర్నుంచి కొలిచి, పిల్లచేపవని నిన్నే విసిరేసేది! ముల్లంగా? ముల్లంగి ఈదుతుందిరా? ముల్లంగికి వల వేశామా మనం?"

ఊపిరాడక ఆగాను. బావమరిది కళ్లు పెద్దవి చేసుకుని నన్నే చూస్తున్నాడు. తిట్లు తిన్నవాడి మొహంలా లేదు. పండగ బహుమతి అందుకున్నవాడిలా ఉంది.

"బావా," అన్నాడు. "నాతో మాట్లాడావు!"

"మాట్లాడలేదు, తిట్టాను!"

"నేరుగా నన్నే తిట్టావు కదా. అమ్మడితో చెప్పించలేదు."

వెనక నుంచి వింత చప్పుడు వచ్చింది. తిరిగి చూశాను. అమ్మాయి చుక్కాని మీద వాలిపోయి నవ్వుతోంది. నవ్వుతూ నవ్వుతూ కింద కూర్చుంది. పడవ తన ఇష్టం వచ్చినట్టు గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది. "అచ్చం అమ్మలా తిట్టావు నాన్నా," అంది కళ్లు తుడుచుకుంటూ. "అమ్మ 'కొలిచి విసిరేస్తా' అనేది కాదు గాని, మిగతాదంతా అదే."

బావమరిది కూడా మొదలెట్టాడు. వాడి నవ్వు ఎక్కిళ్లలా వస్తుంది. చిన్నప్పట్నుంచీ అంతే. నేను నవ్వకూడదనుకున్నాను. కాని ముల్లంగి ఈదుతున్నట్టు కళ్ల ముందు కనబడింది. ఇక నా వల్ల కాలేదు. పడవ తిరుగుతోంది, ముగ్గురం నవ్వుతున్నాం. దూరం నుంచి చూసినవాళ్లు మాకు మతి పోయిందనుకుని ఉంటారు. అనుకోనీ.

నవ్వు తగ్గాక అమ్మాయి పొద్దు వైపు చూసింది. మొహం మారింది. "ఇంకొక్కసారి వెయ్యగలం. అంతే. తర్వాత తూకం షెడ్డు మూసేస్తారు."

ఇప్పుడు కూడా ఎవరూ నన్ను అడగలేదు.

"ఎడమకి తిప్పు," అన్నాను. "రాతిగట్టు దాటి వెళ్లు. ఇంజను తగ్గించు, చప్పుడుకి పోతాయి. ఒరేయ్, ఆ తాడు పట్టుకో. అది కాదు, దూడని కట్టేట్టు కట్టకు. ఇలా."

వల నేనే వేశాను. చేతులకు అన్నీ గుర్తున్నాయి. చుక్కాని దగ్గర కూతురు కూర్చుంది. చూశాను. బాగానే కూర్చుంది. వీపు కొంచెం వంకర, అది సరిచెయ్యాలి.

లాగేటప్పుడు మోటారు మూలిగింది. ఆ మూలుగు నాచుది కాదు. వల అంచు నీళ్లలోంచి పైకి రాగానే వెలుతురంతా దాని మీదే పడింది. ఒకటి, ఇంకొకటి, ఆ తర్వాత లెక్క లేదు. పడవలోకి కుమ్మరించాం. మోకాళ్ల దాకా చేపలు. బావమరిది జారి వాటి మధ్యలో పడ్డాడు. పడ్డచోటే కూర్చుని ఒక్కొక్కటీ ఎత్తి పలక మీద పెట్టి అరుస్తున్నాడు. "తోకతో కలిపి దాటింది బావా! ఇదీ దాటింది! ఇది తోక లేకుండానే దాటింది!"

వాటిలో పిల్లచేపలూ ఉన్నాయి. నన్ను అడిగి అడిగి వెనక్కి వదిలాడు.

రేవుకు వచ్చేసరికి తూకం షెడ్డు తలుపు సగం దింపి ఉంది. గుమస్తా లోపల హ్యాండ్‌బ్యాగు భుజాన వేసుకుని నిలబడింది. కోపిష్టి మనిషి. నాకు నచ్చుతుంది.

"ఏడాదంతా నిద్రపోయి, ఈపూట లేచారా?" అంది.

"నువ్వు తూకం వెయ్యి. కబుర్లకి మా బావమరిది ఉన్నాడు," అన్నాను.

చేపల పెట్టెలు కాటా ఎక్కాయి. ఆమె ముందు నాలుగు తీసి కొలిచింది. బావమరిది ఆమె భుజం మీదుగా తొంగి చూస్తూ, "తోకతో కలిపి కదండీ?" అన్నాడు. "తోకతో కాక, మీసంతో కొలుస్తారా?" అందామె. అమ్మాయి కాటాకు ఇవతల నిలబడింది. చేతులు వెనక్కి పెట్టుకుంది. చిన్నప్పుడు బడిలో మార్కులు చెప్పేటప్పుడూ ఇలాగే నిలబడేది.

"సరే," అంది గుమస్తా. "కోటా బతికింది."

అమ్మాయి ఎగిరి ఆమెను కావలించుకుంది. కాటా దాటుకుని కాదు, కాటా ఎక్కి.

"దిగమ్మా, దిగు! కాటా నిన్ను కూడా కలిపి తూస్తోంది. కోటా దాటిపోతుంది!" అంది గుమస్తా.

"మార్పిడి కూడా ఇప్పుడే రాయండి," అన్నాను. "దీని పేరు మీదికి."

అమ్మాయి దిగడం మర్చిపోయింది. నాకేసి చూసింది. నేను కాటా అంకెల్ని చూశాను. గుమస్తా వేలిముద్ర యంత్రం ముందుకు జరిపింది. వేలు పెట్టాను. చేప జిగురుకి అది నన్ను గుర్తుపట్టలేదు. వేలు బావమరిది చొక్కాకి తుడుచుకుని మళ్లీ పెట్టాను. గుర్తుపట్టింది.

"క్షమించేశావా బావా?" అన్నాడు వాడు మెల్లగా, చొక్కా చూసుకుంటూ.

"లేదు."

"ఇంకెప్పుడైనా?"

"మూడో మనిషి లేకపోతే పడవ వదలరు. వారానికి ఎన్నిసార్లు రాగలవో అది చెప్పు."

రేవులో పడవ కడగాలి. కొత్త యజమాని చుక్కాని పట్టుకుని కూర్చుంది. ఒక బకెట్టు నాకు, ఒకటి వాళ్ల మామయ్యకు ఇచ్చింది. ఇద్దరం వంగి చెక్కల మీద నీళ్లు కొడుతున్నాం. పొలుసులు అరికాళ్లకు అంటుకుంటున్నాయి. చెప్పాపెట్టకుండా ఇంజను గర్జించింది. పడవ ముందుకు దూకింది. ఇద్దరం బకెట్లతో సహా తడి చెక్కల మీద కూలబడ్డాం.

"గట్టిగా పట్టుకోండి," అంది అమ్మాయి, మేం పడ్డాక.