వాక్యం మధ్యలో

"నీకు ఏకాగ్రత లేదోయ్, అదీ అసలు సంగతి," అన్నాడు భర్త, తాగిన కప్పు బల్లమీదే వదిలేసి తన గదిలోకి వెళ్తూ. "నన్ను చూడు. కూర్చున్నానంటే పని తేలేదాకా లేవను."

నిజమే, లేవడు. అతని ఆఫీసు ఇంట్లోనే, తలుపున్న గదిలో. టీ ఆ గదికే వెళ్తుంది, భోజనమూ ఆ గదికే వెళ్తుంది. ఆమె కప్పు కడిగి బోర్లించి పడగ్గదికి నడిచింది.

ఆమెది పుస్తకాలు చదివి రికార్డు చేసే పని. బీరువా తలుపులు బార్లా తెరిచి, వేలాడే బట్టల మధ్య మైకు పెట్టుకుని చదువుతుంది. అలాగైతే గొంతు గోడలకు కొట్టుకోదు. కానీ ఆ గదిలోనే ఇస్త్రీ బట్టలు, అత్తగారి మందులు, కూతురి పుస్తకాలు. నిన్న ఎడిటరమ్మ ఫోన్ చేసి, "మీ గొంతు బంగారం మేడమ్. కానీ ఒక్క అధ్యాయానికి ఇంత ఆలస్యమా? కాస్త మనసు పెట్టండి" అంది. సిగ్గుతో చచ్చిపోయినంత పనైంది. అంతకుముందే ఫోన్ సొరుగులో దాచి చూసింది, అందరికన్నా ముందే లేచి చూసింది. ఆమె లేస్తే ఇల్లూ లేచేది. చిన్నప్పుడు నాన్న కూడా పరధ్యానం పిల్ల అనేవాడు కదా, తనలోనే ఏదో లోటుంది కాబోలు అనుకుంది.

మామూలుగా రికార్డింగులో చెడిపోయిన ముక్కల్ని వినకుండానే కోసి పారేసేది. ఆ మధ్యాహ్నం మాత్రం, వాటిలో పనికొచ్చేవి ఏవైనా దొరుకుతాయేమోనని హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మొదటినుంచీ వింది.

"డాక్టరు రోగి గుండెమీద చెవి ఆనించి..."

"ఇదిగో, నా ఛార్జర్ చూశావా?" భర్త గొంతు.

"ఆ, వస్తున్నా."

పాపం ఆ రోగి, బతికాడో పోయాడో తేలకుండా పూటంతా అలాగే పడున్నాడు. ఆమెకు నవ్వొచ్చింది. తరవాతి ముక్కలో కూతురు సాక్సులు అడిగింది. ఆ తరవాత అత్తగారు. ఆ తరవాత మళ్ళీ అతనే, కిటికీ వేయమని. కిటికీ అతని పక్కనే ఉంది. వింటూ వింటూ ఆమె నవ్వు ఆగిపోయింది. పిలుపు వచ్చేదాకా ఆ గొంతు ఎంత నిబ్బరంగా ఉంది! ఎక్కడా తడబాటు లేదు. లేచి వెళ్ళొచ్చిన గొంతే ఆయాసపడుతోంది, ఎక్కడ ఆపిందో వెతుక్కుంటోంది. ముక్కలన్నీ విన్నది. తనంతట తాను ఒక్కసారి కూడా ఆగలేదు.

"అమ్మాయ్, నేను మాత్ర వేసుకున్నానా?" అంటూ అత్తగారు వచ్చింది. ఆమె హెడ్‌ఫోన్స్ తీసి ముసలావిడ చెవులకు పెట్టింది.

కాసేపు విని అత్తగారు మొహం చిట్లించింది. "ఎవరమ్మా అది, మంచి కథ నడుస్తుంటే మధ్యలో గొంతు చించుకుంటోంది?"

"మీరే అత్తయ్యా."

అత్తగారు మిగతాది కూడా విని, హెడ్‌ఫోన్స్ మంచంమీద పెట్టి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున భర్త స్నానానికి వెళ్ళినప్పుడు ఆమె అతని లాప్‌టాప్ తెచ్చి భోజనాల బల్లమీద పెట్టింది. పక్కనే ఛార్జరు, నీళ్ళ సీసా కూడా. మైకు తీసుకుని అతని గదికి వెళ్తుంటే అతను తల తుడుచుకుంటూ వచ్చాడు.

"ఏంటిది? నాకు మీటింగుంది. ఇక్కడెలా పని చేస్తారు?"

"నేను చేశాను కదండీ ఇన్నాళ్ళూ," అంది ఆమె. గొంతు పెంచలేదు. "పుస్తకం అయ్యేదాకా ఆ గది నాక్కావాలి."

"అమ్మా, చూడవే దీని వరస!"

అత్తగారు కుర్చీలోంచి మెల్లగా లేచి, కొడుకును దాటుకుని గది గుమ్మందాకా వచ్చింది. చేత్తో తలుపు దగ్గరికి వేస్తూ కోడలితో అంది:

"లోపల గడియ పెట్టుకో అమ్మాయ్. నేను పిలిచినా తియ్యకు."