వాకిట్లో గుంట

నేను ఒక కళ్ళజోడుని. విజయనగరంలో ఓ ఇరుకు కొట్లో పుట్టాను. నా అద్దాలు అరగదీసిన ముసలాయన తను మాత్రం కళ్ళజోడు పెట్టుకునేవాడు కాదు. తనకి అన్నీ శుభ్రంగా కనిపిస్తున్నాయనేవాడు. అందుకే నా ఎడమ కాడ కుడిదానికంటే కాస్త పొట్టి. లోకం వంకరగా ఉందని మనుషులు అంటుంటారు గానీ, అందులో మా వాటా ఎంతో ఎవరూ ఆలోచించరు.

నన్ను కొనుక్కున్నది సూరీడమ్మగారు. ఆవిడ భర్త తవిటినాయుడుగారు బడి పంతులు, కథలు రాస్తారు. కొత్త సినిమా వస్తే ఇద్దరూ వెళ్ళాల్సిందే: ఆవిడ ఏడవడానికి, ఆయన సణగడానికి. అందులోనూ ఏ నవలనో సినిమాగా తీశారంటే ఇక చెప్పక్కర్లేదు.

"పుస్తకంలో ఈ ముసలాడు రెండో అధ్యాయంలోనే పోయాడు. ఇక్కడ డాన్సు చేస్తున్నాడు" అని ఆయన చీకట్లో గొణిగేవారు.

ఆవిడ నన్ను పైటతో తుడుచుకుంటూ, "బతకనీండి, మీకేటి పోనాది? మీరు రాసినప్పుడు ఆ మనుషుల్నడిగే రాసినారేటి?" అనేవారు.

సినిమాగా మారిన కథల గురించి అంతకంటే మంచి మాట నేనెక్కడా వినలేదు.

ఆవిడ పోయాక మాస్టారు నన్ను పెట్టెలో పెట్టి రాతబల్ల మీద ఉంచుకున్నారు. ఆ బల్ల దగ్గరే 'గుంట' అనే కథ రాశారు. అది ఆయన పెళ్ళిచూపుల కథే. స్టాండు విరిగిన సైకిలు మీద వెళ్ళారట. దాన్నెక్కడ ఆనించాలో తెలియక తికమకపడుతుంటే పెళ్ళికూతురే వచ్చి పట్టుకుందట. ఇంతలో వాన. పెద్దలందరూ లోపలికి పరిగెత్తారు, పెళ్ళికొడుకుతో సహా. ఆ అమ్మాయి మాత్రం సైకిలు వదల్లేదు. కథంతా ఆమెని నీలమ్మ అనే పేరుతో పిలిచి, ఆఖరి వాక్యం మాత్రం ఇలా రాశారు: "వాన వెలిసేసరికి వాకిట్లో గుంట ఒక్కటే మిగిలింది."

ఆయన వైపు గుంట అంటే ఆడపిల్ల. తక్కిన చోట్ల గుంట అని దేన్నంటారో మాస్టారికి తట్టనే లేదు.

ఆ కథని సినిమా తీస్తానని శశికిరణ్ అనే కుర్ర దర్శకుడు విజయవాడ నుంచి ఫోన్ చేశాడు. మాస్టారు పొంగిపోయారు. ఆనాటి ఫొటో ఒక్కటీ లేదు. వానలో సైకిలు పట్టుకుని నిలబడ్డ ఆ పిల్లని ఇంకొక్కసారి చూడాలి. ఆయనకి సినిమాతో ఉన్న పని అంతే.

షూటింగు ముందు దర్శకుడు మళ్ళీ ఫోన్ చేశాడు.

"సార్, గుంట బాగా లోతుగా ఉండాలంటారా?"

"చాలా లోతు బాబూ. పైకి తెలీదు."

"చూసుకోకపోతే పడిపోవాలి, అంతేగా సార్?"

"నేనలాగే పడ్డాను" అని మాస్టారు సిగ్గుపడ్డారు. ఫోన్ పెట్టేశాక, "మీ అప్పని ఎంత బాగా పట్టుకున్నాడురా!" అని సూరీడమ్మగారి తమ్ముడు గవరయ్యతో చెప్పి మురిసిపోయారు.

విడుదలకి ముందు మాస్టారికి సినిమా వేసి చూపిస్తామన్నారు. ఆ పొద్దున్నే గవరయ్య ఆయన కళ్ళజోడు మీద కూర్చున్నాడు. వేరే దారి లేక రాతబల్ల మీంచి నన్ను తీశారు. గులాబి రంగు ఫ్రేముతో ఆయన ముక్కెక్కాను. ఆ దంపతుల దూరపు చూపు ఇంచుమించు ఒకటే. కాపురంలో వాళ్ళకి కుదిరిన ఏకాభిప్రాయం బహుశా అదొక్కటే.

ఆఖరి దృశ్యం. వాన మొదలైంది. సైకిలు గోడకి ఆనించి ఉంది. నీలమ్మ అందరితోపాటు చక్కగా లోపలికి పరిగెత్తింది. కెమెరా మెల్లగా కిందికి దిగింది. వాకిట్లో పెద్ద గొయ్యి. అందులో వాననీళ్ళు. వయొలిన్. సమాప్తం.

"బావా!" అన్నాడు గవరయ్య. "మా అప్పని గొయ్యి సేసీసినారు!"

శశికిరణ్ తడి కళ్ళతో వచ్చాడు. "ఎలా ఉంది సార్? ఆ గుంట దగ్గరుండి తవ్వించాను."

మాస్టారు లేచారు. "గొయ్యి చాలా బాగుంది బాబూ" అని గుమ్మం దాకా నడిచారు. ఒకరి మనసు కష్టపెట్టడం ఆయనకి చేతకాదు. కానీ నా అద్దాలు మసకబారుతున్నాయి. వెనక్కి తిరిగారు.

"బాబూ, మా వైపు గుంటంటే ఆడపిల్ల."

దర్శకుడు మెట్టు మీద చతికిలబడ్డాడు. "మరి లోతన్నారు?"

"లోతు కాదూ?"

"పడ్డానన్నారు?"

"పడలేదేటి మరి?"

ఆ కుర్రాడు మెట్టు మీంచే తలెత్తాడు. "గుంట ఒక్కటే మిగిలిందంటే ఆవిడా లోపలికి వెళ్ళిపోయారనుకున్నాను. వానంతా అక్కడే ఉన్నారా సార్?" అని అడిగాడు.

"నా సైకిలు పట్టుకుని."

"హీరోయిన్ వేరే సినిమాకి వెళ్ళిపోయింది సార్. ఇంటి సెట్టు పీకేశారు. ఇప్పుడు నిజంగానే గుంట ఒక్కటే మిగిలింది."

సినిమా విడుదలైన రోజు బావాబావమరుదులు మార్నింగ్ షోకి వెళ్ళారు. నన్నూ తీసుకెళ్ళారు. మాస్టారి కొత్త కళ్ళజోడు వచ్చి వారమైనా ఆయన దాన్ని ముట్టుకోలేదు.

అదే వాన, అదే గొయ్యి, అదే వయొలిన్. కెమెరా ఈసారి ఇంకొంచెం కిందికి దిగింది. గోతిలోని నీళ్ళలో, చినుకులకి చెదురుతూ, మళ్ళీ అతుక్కుంటూ, ఒక నీడ. సైకిలు పట్టుకుని నిలబడ్డ ఒక పిల్ల. ఎవరో ఏమో, మొహం ఆనలేదు. సైకిలు మాత్రం వదల్లేదు.

గవరయ్య మెడ వంచి, తల పక్కకి తిప్పి చూశాడు. "ఇదేటి బావా, మా అప్ప తలకిందులుగా ఉన్నాది?"

"ఉండనీరా" అన్నారు మాస్టారు, నన్ను ముక్కు మీదికి తోసుకుంటూ. "ఆ రోజు నాకూ అలాగే కనిపించింది."