పెట్టుబడిదారు రాజులమ్మ

అక్కుపల్లి రాజులమ్మలో ఒక పెట్టుబడిదారు ఉందని కనిపెట్టిన ఘనత గణపతిరావుగారిది. పింఛను దరఖాస్తులు పరిశీలించడానికి టెక్కలి నుంచి జీపులో వచ్చిన అధికారి ఆయన. తొంభై తొమ్మిది నాటి సంగతి.

రాజులమ్మ మొగుడు ఎల్లాజీ సముద్రం మీద చేపల వేటకెళ్లి తిరిగి రాలేదు. అతని వల మాత్రం మరిది తారకేశ్వరరావు పడవలో రోజూ వేటకెళుతోంది. ఆ ఊళ్లో పడవకో వాటా, వలకో వాటా, మనిషికో వాటా. మనిషి పోయినా వల వాటా ఇంటికి చేరాల్సిందే. ఈ కట్టుబాటు ఏ శాసనసభా చేసింది కాదు గనక ఒక్కరోజూ తప్పలేదు. ఆ చేపలే పూండి బజారుకు తీసుకెళ్లి అమ్ముకుని రాజులమ్మ బతుకుతోంది.

"అంటే కూర్చున్నచోటికి వాటా వస్తోందన్నమాట. నువ్వు పెట్టుబడిదారువమ్మా" అన్నారు గణపతిరావుగారు మనస్ఫూర్తిగా మెచ్చుకుంటూ. ఆ రోజుల్లో సర్కారువారి నమ్మకం, ఎవరి కాళ్ల మీద వాళ్లు నిలబడాలని. సాయం చేస్తే జనం బద్ధకస్తులవుతారట. "నీలాంటివాళ్లకి కూడా పింఛనిస్తే దేశం ఎలా బాగుపడుతుంది?"

దేశం తనవల్ల చెడిపోకూడదని రాజులమ్మ చేపల గంప నెత్తినెత్తుకుని పూండి దారి పట్టింది.

ఐదేళ్లకు సర్కారు మారింది. జీపు మీద పోస్టరు మారింది. జీపులోంచి దిగింది మాత్రం గణపతిరావుగారే.

"ఇది పేదల ప్రభుత్వం. ఒళ్లు వంచకుండా వాటా తినడం దోపిడీ. నిన్ను పేదల్లో ఎలా రాయను?"

"అప్పుడు మెచ్చుకున్నారు గదా బాబూ. అదే వొల, అదే నాను. మారిందేటి?"

"ప్రభుత్వ విధానం" అన్నారాయన, ఏమాత్రం సిగ్గుపడకుండా.

"వాటా ఒగ్గేత్తే రాత్తారా?"

"తప్పకుండా."

రాజులమ్మ ఆ సాయంత్రమే మరిది దగ్గరకెళ్లింది. "వొల దింపీ మరిదీ."

"అన్న వొల వదినా అది. సర్కారోల మాట నమ్మి నోటికాడ కూడు తోసేసుకుంతావా?"

"ఆల్లు నెలనెలా ఇత్తారట. సంద్రం నెలనెలా ఇత్తాదా?"

వల దిగింది. ఆరు నెలలు రాజులమ్మ ఒడ్డు వైపే పోలేదు. చేపల పంపకం కంటపడితే చెయ్యి చాపుతానేమోనని భయం. పేదరాలు కావడం అనుకున్నంత కష్టం కాలేదు. గణపతిరావుగారు మళ్లీ వచ్చి, ఖాళీ కుండలు స్వయంగా వంచి చూసి, తృప్తిగా తలాడించి, అర్హురాలని రాసుకున్నారు.

"డబ్బులెప్పుడిత్తారు బాబూ?"

"ఊరికి ఇంతమందనే లెక్క ఉంది. అది నిండిపోయింది. ఉన్నవాళ్లలో ఎవరైనా పోతే ఆ ఖాళీ నీదే. మొదటి పేరు నీదే పెట్టాను."

మొదటి పేరన్నందుకు రాజులమ్మ పొంగిపోయింది కూడా.

ఊళ్లో పింఛను తీసుకునేవాళ్లందరిలోకీ పెద్దది పక్కింటి ముసలమ్మ. జ్వరమొస్తే ఆమెకు గంజి కాచి పోసేది రాజులమ్మే. ఆ సాయంత్రం గోడ అవతల ముసలమ్మ దగ్గింది. రోజూ వినే దగ్గే. అయినా రాజులమ్మ చేతిలో చీపురు ఆపి, నిన్నటికంటే ఎక్కువగా దగ్గుతోందా అని చెవి పెట్టి విన్నది. తాను వింటున్నది దేనికోసమో తెలిసేసరికి ఒళ్లంతా సిగ్గుతో మండిపోయింది.

తెల్లారీ తెల్లారకముందే మరిది గుమ్మంలో నిలబడి వల ఎక్కించమంది.

"ఏటి వదినా, పింఛను రాదన్నారా?"

"వొత్తాదన్నారు. అది రాకూడదు మరిదీ" అంది రాజులమ్మ.