ఆరని జిగురు

పుస్తకం వెన్నుకు బైండరు రెండోసారి జిగురు పట్టిస్తున్నాడు. కుంచె పైనుంచి కిందికే పోవాలి, వెనక్కి రాకూడదు. పక్కన కటింగ్ మిషన్ దడదడలాడుతున్నా అతని చెయ్యి చలించలేదు. గోళ్ళ సందుల్లో ఎండిన జిగురు ఏ సబ్బుకూ లొంగక ఏళ్ళ తరబడి అక్కడే కాపురం పెట్టింది. పొద్దుటినుంచీ ఎడమ భుజం లాగుతోంది. బరువులెత్తేవాడికి భుజం కాక ఇంకేం లాగుతుందని సరిపెట్టుకున్నాడు.

ప్రెస్సులో అతన్ని పట్టించుకునేవాడు లేడు గానీ, సాయంత్రాలు బల్ల చుట్టూ చేరి పాచికల ఆట ఆడేవాళ్ళకు అతనే పెద్ద దిక్కు. తలా ఒక పాత్ర అయిపోయి, మాటలతోనే కథ నడుపుకునే ఆట అది. ఎవరు గట్టెక్కాలో, ఎవరు చావాలో పాచికలు తేలుస్తాయి. నియమాలన్నీ అతను రాసినవే. వాడుకోండి, మార్చుకోండి, అమ్ముకోండి అని అడిగినవాళ్ళందరికీ నోటితోనే చెప్పేశాడు. ఆ మాట నమ్ముకుని ఎందరో ఆ నియమాలతో సొంత కథలు అచ్చేసుకున్నారు. ఇప్పుడు ఒక బొమ్మల కంపెనీ అవి తనకొక్కదానికే కావాలంటోంది. అతను కుదరదన్నాడు. పెళ్ళీ పిల్లలూ లేని మనిషికి ఉన్న ఒక్క తమ్ముడు మాత్రం ఇచ్చెయ్యమని చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతున్నాడు.

అందుకే సాయంత్రం టీచరమ్మ ప్రెస్సుకు వచ్చింది. ఆ ఆటలో ఆమె పాతకాపు.

"నోటిమాట కోర్టులో నిలవదన్నయ్యా. నియమాలు అందరూ వాడుకోవచ్చన్న అనుమతి పేజీ అచ్చయింది కదా, సంతకం పెట్టిచ్చెయ్. ఆ తర్వాత మీ తమ్ముడే కాదు, నువ్వు కూడా వెనక్కి తీసుకోలేవు."

"ఇందాకే ఈ నియమాల పుస్తకంలో అతికించానమ్మా. ఇంకా తడిగా ఉంది. ఇప్పుడు రాస్తే సిరా పాకుతుంది."

"పాకితే పాకనీ. పోనీ వేరే కాగితం మీద పెట్టు."

"విడి కాగితం ఎన్నాళ్ళుంటుంది? ఊడిపోయే పని నేను చెయ్యను. పొద్దున్నే రా, ఆరిపోతుంది."

ఇతనితో వాదించడం కంటే గోడతో చెప్పుకోవడం నయమనుకుంది ఆమె. అయినా ఆ చాదస్తం అంటే ఆమెకు అభిమానమే. సరేనని వెళ్ళిపోయింది.

అతను పుస్తకాన్ని రెండు చెక్కల మధ్య పెట్టి మర బిగించాడు. గదికి వెళ్ళాక తినాలనిపించలేదు. చొక్కా విప్పి కొక్కేనికి తగిలించి పడుకున్నాడు. తెల్లారి లేవలేదు. నిద్రలోనే గుండె ఆగిపోయిందన్నారు.

నియమాల మీద హక్కు తమ్ముడి పాలయింది, అతన్నుంచి కంపెనీ పాలయింది. ఇక ఎవరూ వాడకూడదని ఇంటింటికీ నోటీసులొచ్చాయి. టీచరమ్మ తను అచ్చేసుకున్న కథలన్నీ అట్టపెట్టెల్లో సర్ది మంచం కిందికి తోసేసింది. ఆ సాయంత్రం చెయ్యి పట్టుకుని అయినా సంతకం పెట్టించనందుకు తనని తాను తిట్టుకుంటూ ఏడ్చింది.

ప్రెస్సులో కొత్తగా చేరిన బైండరు మర విప్పాడు. పుస్తకానికి ఎక్కడా వంకర లేదు, ముడత లేదు. మొదటి పేజీలో 'ఈ నియమాలు అందరివీ' అన్న వాక్యం కింద, సంతకం కోసం వదిలిన చోటు తెల్లగా, శుభ్రంగా ఆరిపోయి ఉంది.